వేలు పడిన రోజు

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు ఎవరైనా నన్ను చూడటానికి ఇంటికి వస్తే, కాఫీ తాగడం అయ్యాక మెల్లిగా ఒక ప్రశ్న అడుగుతారు. "సెమినార్ల రోజున నిద్ర రాకుండా ఎలా కూర్చునేవారండీ మేడం?"

నాకు నిద్ర వచ్చేది కాదని చెబితే అబద్ధం అవుతుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి, గోడ మీద తెర వైపు తిరిగి, మనకి వీపు చూపిస్తూ, నెట్‌లోంచి దింపుకున్న ఇంగ్లీషు చదువుతూ ఉంటే, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన ఏ లెక్చరర్ కళ్ళు మూతపడవు? కానీ ఒక్క సెమినార్‌కి మాత్రం నేను కుర్చీ అంచున కూర్చున్నాను. నా సర్వీసు మొత్తంలో గర్వంగా చెప్పుకునేది ఏదైనా ఉందంటే ఆ రోజే. మీరంతా ఇప్పుడు ఆ హాళ్ళలో కూర్చుంటున్నారు కాబట్టి మీకు చెప్పాలనిపిస్తోంది.

నేను పనిచేసింది నరసాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో. కంప్యూటర్స్ చెప్పేదాన్ని. చివరి సంవత్సరం పిల్లలు ఇద్దరేసి కలిసి ఏదో ఒక టెక్నాలజీ మీద సెమినార్ ఇవ్వాలి. దానికి మార్కులు ఉంటాయి. బయటి కాలేజీ నుంచి ఒక ఎగ్జామినర్ వస్తారు. క్లౌడ్ కంప్యూటింగ్, బ్లాక్‌చెయిన్, కృత్రిమ మేధ, ఈ మూడింటి మీదే ప్రతి ఏడూ సగం క్లాసు వాలిపోయేది. మొదటి స్లైడు మీద అరచేతిలో భూగోళం, చివరి స్లైడు మీద గులాబీ పువ్వు, మధ్యలో ఏముందో ఇచ్చినవాళ్ళకీ తెలియదు, విన్నవాళ్ళకీ తెలియదు. ఒకసారి ఒక కుర్రాడు ఎంతో ధీమాగా సెమినార్ ఇచ్చి కూర్చున్నాడు. ప్రతి స్లైడు అడుగునా వేరే రాష్ట్రంలోని ఎవరో అమ్మాయి పేరు ఉంది. దాన్ని చెరిపేయాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు.

అది చూశాక నేనొక నిబంధన పెట్టాను. ఏ టెక్నాలజీ అయినా తీసుకోండి, సగం సమయం అది ఎలా పనిచేస్తుందో చెప్పండి, మిగతా సగం అది మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఎవరు వాడుతున్నారో, వాడితే ఏమవుతోందో చెప్పండి అన్నాను. ఆ సగం తెలుగులో చెప్పినా పరవాలేదన్నాను.

మా డిపార్ట్‌మెంట్ హెడ్‌గారికి ఇది నచ్చలేదు. ఆయనది సామర్లకోట. శనివారం మధ్యాహ్నం అయితే చాలు, రైలు తప్పిపోతుందేమోనని ఆయన కళ్ళు గడియారం మీదే ఉండేవి. చెడ్డ మనిషి కాదు. పని సాఫీగా అయిపోవాలి, ఎవరూ వేలెత్తి చూపకూడదు, అంతే ఆయన కోరిక. "ఎందుకండీ మేడం ఇవన్నీ. పిల్లలు చదువుతారు, మనం మార్కులు వేస్తాం. రేపు ఎగ్జామినర్ ఎదుట ఏదైనా తేడా వస్తే ఎవరు సమాధానం చెప్తారు? ప్రిన్సిపాల్‌గారు ఇప్పటికే సెమినార్లు తీసేసి రాతపరీక్ష పెట్టేద్దామంటున్నారు" అన్నారు.

మొదటి ఏడు ఆయన మాటే నిజమయ్యింది. మా అమ్మ క్లౌడ్‌లో ఫోటోలు దాచుకుంటుంది, మా నాన్న ఫోన్లో డబ్బులు పంపుతాడు, ఇంతకు మించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఏడు ఎగ్జామినర్‌గారు నా వైపు చూసి జాలిగా నవ్వారు. అయినా మరుసటి ఏడు కూడా ఆ నిబంధన అలాగే ఉంచాను.

ఆ ఏడు రోల్ నంబర్ల ప్రకారం జట్లు కడితే ఒక జట్టులో ఇద్దరు అమ్మాయిలు పడ్డారు. ఇద్దరూ మొగల్తూరు వైపు నుంచి ఒకే బస్సులో వచ్చేవారు, కానీ ఒకే సీట్లో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారికి మొగల్తూరు బజార్లో కిరాణా కొట్టు, దానితోపాటే రేషన్ డిపో ఉన్నాయి. ఇంగ్లీషు గలగలా మాట్లాడేది. రెండో అమ్మాయిది సముద్రం ఒడ్డున ఉన్న పేట. తండ్రి బోటు మీద వేటకి వెళ్తాడు. తల్లి చేపలు కొని, ఐసులో పెట్టి, ఊళ్ళ మీద తిరిగి అమ్ముతుంది. ఈ అమ్మాయి వెనక బెంచీలో కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. వాళ్ళు ఎంచుకున్న విషయం బయోమెట్రిక్స్, అంటే వేలిముద్రతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి.

ఫిబ్రవరిలో క్లాసులో రిహార్సల్ పెట్టాను. కొట్టువాళ్ళమ్మాయి ముందు లేచింది. వేలిముద్ర మనిషి పుట్టిన దగ్గర నుంచీ మారదనీ, కోట్ల మందిలో ఒకరిది ఒకరికి కలవదనీ, యంత్రం అసలు మనిషిని కాదనడం చాలా అరుదనీ చెప్పుకుంటూ పోయింది. చక్కగా చెప్పింది. క్లాసు శ్రద్ధగా వింటోంది. పక్కన నిలబడ్డ రెండో అమ్మాయి, చెయ్యెత్తకుండానే, నేల చూస్తూ అంది.

"అరుదేం కాదు. మా అమ్మ వేలు పడదు."

"పడకపోవడమేంటి? మళ్ళీ పెడితే పడుతుంది" అంది కొట్టువాళ్ళమ్మాయి.

"మీ డిపోలోనే పడదు. పోయిన నెల మూడుసార్లు తిరిగింది మా అమ్మ. రేపు రా, ఎల్లుండి రా అన్నారు మీ నాన్నగారు."

కొట్టువాళ్ళమ్మాయి మొహం ఎర్రబడింది. "మా నాన్నగారేమన్నా కావాలని చేస్తారా? మీ పేటవాళ్ళొచ్చి ఆయన్ని ఎలా తిడతారో నీకు తెలుసా?" అంది. వెనక బెంచీ పిల్ల వెళ్ళి తన చోట కూర్చుంది.

ఈ సంగతి మధ్యాహ్నానికల్లా స్టాఫ్‌రూంకి వచ్చేసింది. "విడగొట్టేయండి మేడం. చెరొక టాపిక్ ఇచ్చేయండి, గొడవ వదిలిపోద్ది" అన్నారు హెడ్‌గారు. నాకు మాత్రం, ఆ మెషీనుకి అటొకరు ఇటొకరు ఉన్న జట్టు మళ్ళీ దొరకదనిపించింది. ఇద్దరినీ పిలిచి అడిగాను. "యంత్రం ఎందుకు పట్టుకోవడం లేదో ఇద్దరూ కలిసి కనుక్కోగలరా?" కొట్టువాళ్ళమ్మాయి సరేనంది. రెండో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. తర్వాత అంది, "అందరి ముందూ మా అమ్మ చేతుల గురించి చెప్పాలంటే నాకు ఇష్టం లేదండి మేడం. ఇప్పటికే నా పక్కన కూర్చోవాలంటే ముక్కు మూసుకునేవాళ్ళున్నారు."

"నీకు ఇష్టం లేకపోతే చెప్పొద్దు. ముందు కనుక్కో. చెప్పాలో వద్దో తర్వాత నువ్వే చూసుకో" అన్నాను.

మార్చిలో ఒక శనివారం వాళ్ళతో పాటు నేనూ ఆ డిపోకి వెళ్ళాను. ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ బొటనవేలు చీర కొంగుకి తుడిచి, నూనె తగలాలని తలకి రాసి, మెషీను మీద పెట్టి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పడినవాళ్ళు బియ్యం కొలిపించుకుని వెళ్తున్నారు. పడనివాళ్ళు పక్కకి తప్పుకుని మళ్ళీ తుడుచుకుంటున్నారు. రెండో అమ్మాయి తల్లి వేలు కూడా ఆ రోజు పడలేదు. కొట్టు యజమాని నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఈ మెషీను నేను కనిపెట్టింది కాదండి మేడంగారూ. వేలు పడకుండా బియ్యం ఇస్తే నా డిపో పోద్ది. ఇవ్వకపోతే వీళ్ళు నా మొహం మీదే ఉమ్మేసేలా చూస్తారు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి" అన్నాడు. ఆయన కూతురు తలవంచుకుంది. రెండో అమ్మాయి ఆయన్ని మొదటిసారి పరీక్షగా చూడటం నేను గమనించాను.

అక్కడి నుంచి పేటకి వెళ్ళాం. మా ల్యాబ్‌లో లాప్‌టాప్‌కి తగిలించుకునే చిన్న వేలిముద్ర రీడర్ ఒకటి ఉండేది. దాని మీద వేలు పెడితే ముద్ర బొమ్మ తెర మీద కనిపిస్తుంది. ముద్ర బాగుంటే కింద పచ్చ గీత, లేకపోతే ఎర్ర గీత వస్తుంది. వాళ్ళ వాకిట్లో చాప మీద కూర్చుని రెండో అమ్మాయి తల్లి కుడి బొటనవేలు పెట్టింది. గీతలు ఉండాల్సిన చోట తెల్లటి మరక వచ్చింది. ఎర్ర గీత వెలిగింది. రోజూ ఐసులో చేతులు పెట్టి, ఉప్పు రుద్ది, చేపల పొలుసు గీకే చేతులు అవి. పది వేళ్ళూ పెట్టించారు. ఎడమ చేతి ఉంగరం వేలు ఒక్కటే పచ్చ గీత తెచ్చింది. ఆ బొమ్మలన్నీ లాప్‌టాప్‌లో దాచుకున్నారు.

కూతురు తన మనసులో మాట అక్కడే తల్లికి చెప్పేసింది, కాలేజీలో ఇది చెప్పడం తనకి నామోషీగా ఉందని. ఆవిడ కూతుర్ని ఎగాదిగా చూసింది. "చేతులు చూపించడానికి నామోషీ ఏంటే. మనమేమన్నా దొంగతనం చేశామా? ఆ రోజు నేనే వచ్చి పెడతాను వేలు" అంది. ఆ మాటతో ఆ పిల్ల సెమినార్ ఇవ్వడానికి సిద్ధమయ్యింది.

ఆ ఏడు పరీక్షలు వెనక్కి జరిగి సెమినార్లు మే నెలలోకి వెళ్ళాయి. ఎగ్జామినర్‌గా రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన ప్రశ్నలంటే పిల్లలకే కాదు, లెక్చరర్లకీ హడలే. ప్రిన్సిపాల్‌గారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. హెడ్‌గారు నా చెవి దగ్గర, "ఇవాళ గట్టెక్కితే వచ్చే ఏడు చూద్దాం, లేదంటే రాతపరీక్షే" అన్నారు. కొట్టు యజమాని తెల్లచొక్కా వేసుకుని వెనక వరసలో ఒక చివర కూర్చున్నాడు. చేపలమ్మే ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని అదే వరసలో ఇంకో చివర కూర్చుంది.

కొట్టువాళ్ళమ్మాయి మొదటి సగం ఇంగ్లీషులో చెప్పింది. రెండో అమ్మాయి తెలుగులో అందుకుంది. మొదటి రెండు మాటలు కాగితం చూసి చదివింది. తర్వాత నెమ్మదిగా దారిలో పడింది. చేపల పని చేసే ఆడవాళ్ళ వేళ్ళు అరిగిపోతాయనీ, యంత్రం వాళ్ళని గుర్తుపట్టదనీ చెప్పి, "ఇప్పుడు చూపిస్తాను" అని తల్లిని పిలిచింది. ఆవిడ వేదిక ఎక్కి కుడి బొటనవేలు రీడర్ మీద పెట్టింది.

పచ్చ గీత వెలిగింది.

తెర మీద ఆవిడ వేలిముద్ర, దున్నిన చేను చాళ్ళలాగా, ఒక్కో గీతా స్పష్టంగా కనిపించింది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి వేలు తీసి మళ్ళీ పెట్టించింది. మళ్ళీ పచ్చ గీతే. నవ్వు హాలంతా పాకింది. హెడ్‌గారు నా వైపు చూడకుండా చేతి గడియారం వైపు చూసుకున్నారు.

ఎగ్జామినర్‌గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మీ అమ్మగారి వేలు పడదన్నావు. పడింది. నువ్వు చెప్పింది తప్పని నీ మెషీనే చెప్తోంది కదమ్మా. దీనికేమంటావ్?"

నాకు లేచి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. కానీ ఏం చెప్పాలో నాకూ తెలియదు. మార్చిలో నా కళ్ళతో చూసిన ఎర్ర గీత ఇప్పుడెలా పచ్చబడిందో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఆ అమ్మాయి రీడర్‌ని పక్కకి జరిపింది. తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలు కొసని తన వేలితో నెమ్మదిగా తడిమి చూసింది. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. తర్వాత తల ఎత్తి, ఎగ్జామినర్‌ని కాదు, పక్కనున్న కొట్టువాళ్ళమ్మాయిని అడిగింది.

"మీ డిపోలో వేసవిలో కూడా ఇలాగే గొడవలవుతాయా?"

కొట్టువాళ్ళమ్మాయి ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "లేదు. వేసవిలో ఉండవు. మే నెల వస్తే ప్రాణం హాయిగా ఉంటుందని మా నాన్నగారు ఎప్పుడూ అంటారు. పేటవాళ్ళు అప్పుడు నెమ్మదిగా ఉంటారని" అంది. అని వెనక వరస వైపు చూసింది. "అవునా నాన్నగారూ?"

కొట్టు యజమాని లేచి నిలబడి, ఇంతమందిలో మాట్లాడాల్సి వచ్చినందుకు ఇబ్బంది పడుతూనే, "అవునండి. అది నిజమేనండి" అన్నాడు.

"ఇప్పుడు వేట నిషేధం సార్" అంది మా వెనక బెంచీ పిల్ల. ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. "చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట ఆపేస్తారు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. నెల దాటింది మా అమ్మ ఐసు ముట్టుకుని. చర్మం మళ్ళీ వచ్చింది. వేలిముద్ర మారదని పుస్తకంలో రాసింది నిజమే సార్. లోపల గీతలు అవే. పైన అరిగిపోతే యంత్రానికి కనిపించవు, పని ఆపితే మళ్ళీ కనిపిస్తాయి. మార్చిలో తీసిన ముద్రా, ఇవాళ తీసిందీ పక్కపక్కన పెట్టి చూడండి."

ఈ మాట అంటుండగానే కొట్టువాళ్ళమ్మాయి లాప్‌టాప్ ముందుకి వెళ్ళి మార్చి బొమ్మని వెతికి తీసి, ఇప్పటి బొమ్మ పక్కన పెట్టేసింది. తెర మీద ఒకపక్క తెల్లటి మరక, ఇంకోపక్క చాళ్ళు. ఒకే మనిషి, ఒకే వేలు. ఇద్దరిలో ఎవరూ దీన్ని ముందు అనుకుని రాలేదు. అక్కడికక్కడ, అంతమంది చూస్తుండగా, ఒకరి సగం ఇంకొకరి సగంతో కలిసింది.

ఎగ్జామినర్‌గారు లేచి తెర దగ్గరికి వెళ్ళారు. తెల్లటి మరక అంచుల్లో మిగిలిన కొద్దిపాటి గీతల్ని ఇప్పటి బొమ్మతో పోల్చి చూశారు. "ఈ మూల కలుస్తోంది. ఇదిగో ఇక్కడ కూడా" అని తనలో తను అనుకున్నారు. వెనక్కి తిరిగి అడిగారు. "సరే, కారణం చెప్పావు. మరి పని ఉన్న నెలల్లో మీ అమ్మగారు అన్నం ఏం తింటారు?"

"ఆధార్‌లో పది వేళ్ళూ నమోదై ఉంటాయి సార్. డిపో మెషీను మీద ఏ వేలైనా పెట్టొచ్చు. కానీ అలవాటు కొద్దీ అందరూ కుడి బొటనవేలే పెడతారు. మా అమ్మది ఎడమ ఉంగరం వేలు మార్చిలో కూడా పడింది. ఎవరికి ఏ వేలు మిగిలి ఉందో పని కాలంలోనే ఒకసారి చూసి పెట్టుకుంటే చాలు."

ఎగ్జామినర్‌గారు తల ఊపారు. చేపలమ్మే ఆవిడకి నమస్కారం పెట్టి వెళ్ళి కూర్చున్నారు. మార్కులు ఎన్ని వేశారో నేను చెప్పను గానీ, భోజనాల దగ్గర ప్రిన్సిపాల్‌గారితో ఆయన అన్న మాట మాత్రం చెబుతాను. "ఈ సెమినార్లు తీసెయ్యకండి. తీసేస్తే నేను మీ కాలేజీకి రావడం మానేస్తాను." పక్కనే కూర్చున్న మా హెడ్‌గారు, "మొదటి నుంచీ మా డిపార్ట్‌మెంట్ పద్ధతే అదండి" అన్నారు. నేను నవ్వు ఆపుకోలేక మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకున్నాను. పోనీలెండి, ఆయనకీ కాస్త గర్వంగానే ఉండి ఉంటుంది.

పరీక్షలయ్యాక ఆ ఇద్దరు అమ్మాయిలూ ఊరుకోలేదు. వేట మళ్ళీ మొదలై, ఆడవాళ్ళ చేతులు మళ్ళీ అరిగిపోయాక, ల్యాబ్ రీడర్ అడిగి పట్టుకెళ్ళి డిపో అరుగు మీద కూర్చున్నారు. వచ్చిన ప్రతి ఆడమనిషి పది వేళ్ళూ చూశారు. అందరికీ పరిష్కారం దొరికిందని చెబితే అది గొప్పలు పోవడం అవుతుంది. కొందరు ముసలివాళ్ళకి ఏ వేలూ మిగల్లేదు. వాళ్ళ కోసం కొట్టు యజమానే అధికారుల చుట్టూ తిరిగి, ఫోన్‌కి వచ్చే నంబరుతో బియ్యం ఇచ్చే ఏర్పాటు చేయించాడు. అందుకు ఆయనకి చాలా రోజులే పట్టింది.

నేను రిటైరయ్యాక, శ్రావణంలో ఒక పొద్దున, మొగల్తూరులో ఒక పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తూ బస్సు కోసం ఆ డిపో ముందు నిలబడ్డాను. వాన సన్నగా పడుతోంది. వరస ఉంది గానీ అరుపులు లేవు. కొట్టు యజమాని నన్ను చూడలేదు. ఒకావిడ అలవాటు కొద్దీ కుడి బొటనవేలు చాపింది.

"అది కాదు పిన్నీ, నీది ఎడమ చిటికెన వేలు" అన్నాడాయన, తలెత్తకుండానే.

ఆవిడ వేలు మార్చి పెట్టింది. పడింది. తర్వాత ఆవిడతో, "నీది చూపుడు వేలమ్మా, కుడిది" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ఒక ముసలావిడ ఆయన చెప్పేలోపే ఎడమ చెయ్యి చాపి, "నాది ఉంగరం వేలురా అబ్బాయ్, ఈ మాత్రం నాకు గుర్తులేదనుకున్నావా" అంది. వరసలో వాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వాడు.

అప్పుడు నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేయబోయాడు. "ఇంతమంది వేళ్ళు ఎలా గుర్తుంటాయండీ మీకు?" అని అడిగాను.

"మనుషులు గుర్తుంటారు కదండీ మేడంగారూ. దాంతోపాటే ఇదీను" అని మళ్ళీ మెషీను ముందు కూర్చున్నాడు.

నా బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. తర్వాతి బస్సు కూడా ఎక్కలేదు. గొడుగు పట్టుకుని అక్కడే నిలబడి, ఒకరి తర్వాత ఒకరు వేలు పెట్టి, బియ్యం కొలిపించుకుని, వానలోకి దిగి వెళ్తుంటే చూస్తూ ఉండిపోయాను.